రెండో రొట్టె

"కొత్తగా వచ్చినవాళ్లు ఒక్కసారి లేచి నిలబడండి" అని పాస్టరు అయ్యగారు మైకులో అనగానే వనజ పక్కనున్న స్వరాజ్యం మోచేతిని గట్టిగా పట్టుకుంది.

"ఎందుకక్కా? ఏమన్న అడుగుతరా?"

"ఏమడుగరు. పేరు చెప్పు, ఊరు చెప్పు, కూసో. గంతే."

వనజ లేచింది. తల మీద కొంగు జారుతుంటే ఒక చేత్తో పట్టుకొని పేరు చెప్పింది. తొగుట దిక్కు మా ఊరు అంది. అక్కడితో ఆగితే సరిపోయేది, ఆగలేకపోయింది. తన భర్త సతీశ్ తాటిచెట్టు మీది నుంచి పడ్డాడని, తొంటి విరిగిందని, ఎముకల దవాఖానలో పండబెట్టారని, మంగళవారం ఆపరేషన్ అని, ఎవరూ అడగకుండానే అంతా చెప్పి కూర్చుండిపోయింది.

రేకుల షెడ్డు నిండా ఉన్న జనం చప్పట్లు కొట్టారు. కీబోర్డు మోగింది, స్వాగతం పాట ఎత్తుకున్నారు. ముందు వరుసలోని ముసలామె లేచి వచ్చి వనజ బుగ్గలు పుణికి ముద్దు పెట్టుకుంది. కొత్తవాళ్లందరికీ ఆమె అలాగే చేస్తుంది, వాళ్లకు ఇష్టమున్నా లేకపోయినా. ముస్తాబాద్ చౌరస్తా దాటాక సందులో ఉన్న ఆ మందిరం గేటు మీద 'అందరికీ ఆహ్వానం' అని రాసి ఉంటుంది. ఆ మాట అబద్ధం కాదు. చెప్పులు విప్పేలోపే నలుగురు వందనాలు చెబుతారు, టీ తాగారా అని అడుగుతారు, ఎండాకాలమైతే జరిగి ఫ్యాన్ కింద జాగ ఇస్తారు.

అయ్యగారు సతీశ్ పేరు పెట్టి ప్రార్థన చేశారు. తమకు తెలియని మనిషి తొంటి ఎముక కోసం అంతమంది చేతులెత్తి ఏడుస్తుంటే స్వరాజ్యానికి కూడా కన్నీళ్లు ఆగలేదు. ఆ ఎముకల దవాఖానలో ఆమె ఆయా. సతీశ్‌ను తెచ్చిన రోజు నుంచి చూస్తోంది. వనజ మంచం కిందే పడుకుంటుంది, ఎవరు పలకరించినా ఏడుస్తుంది. 'ఆదివారం మా మందిరానికి రా, అందరం కలిసి ప్రార్థన చేస్తం' అని పిలిచింది స్వరాజ్యమే. మొదటిసారి వచ్చిన మనిషిని ఎక్కడో వెనక ఒంటరిగా వదిలేయడం ఎట్లా అని తన పక్కనే కూర్చోబెట్టుకుంది. వచ్చిన తంటా అంతా అక్కడే వచ్చింది.

ఆ మందిరంలో ప్రతి ఆదివారం, ఏసయ్య ఆఖరి విందు గుర్తుగా, ప్రభువు బల్ల ఉంటుంది. బాప్తిస్మం తీసుకున్నవాళ్లకే రొట్టె, ద్రాక్షరసం. తీసుకోనివాళ్లు వెనక నీలం చాప మీద కూర్చుంటారు, పళ్లెం అక్కడికి వెళ్లదు. ముందే నెమ్మదిగా చెప్పి కూర్చోబెడతారు కాబట్టి ఎవరూ చిన్నబుచ్చుకోరు. వనజకు చెప్పాల్సిన మనిషి స్వరాజ్యం. చెప్పడం మరిచిపోయింది.

అయ్యగారు తెల్లగుడ్డ తీసి రొట్టె విరిచి, ముక్కలు పళ్లెంలో వేశారు. ఆ రొట్టె స్వరాజ్యం చేసిందే. భర్త చనిపోయిన ఏడాది నుంచి శనివారం శనివారం ఆమే చేస్తోంది. దవాఖానలో అందరికీ ఆమె ఆయా, తానుండే సందులో వాళ్లకు ఏదో కిరాయి ఇంటామె. ఇక్కడ మాత్రం 'రొట్టె చేసే స్వరాజ్యమ్మ'. ఆ పేరంటే ఆమెకు చెప్పలేనంత ఇష్టం. అది లేకపోతే తన దగ్గర ఇంకేముంది అని ఒక్కోసారి అనుకుంటుంది కూడా.

పళ్లెం చేతి నుంచి చేతికి వచ్చింది. స్వరాజ్యం తన ముక్క తీసుకుంది. ఇక పళ్లాన్ని వనజను దాటించి అవతలామెకు ఇవ్వాలి. అటు తిరిగేసరికి వనజ చెయ్యి చాపే ఉంది. కుడి చెయ్యి ఎడమ చేతి మీద పెట్టి, గుళ్లో తీర్థానికి చాపినట్టు చాపి, కళ్లు మూసుకుంది.

పళ్లెం ఒక్క క్షణం ఆ చేతి పైన ఆగింది. ఆ ముక్క ఎవరికి ఇవ్వాలో, ఎవరికి ఇవ్వకూడదో స్వరాజ్యానికి బాగా తెలుసు. తెలిసే ఒక ముక్క తీసి ఆ చేతిలో పెట్టింది.

వనజ దాన్ని కళ్లకద్దుకుంది. సగం నోట్లో వేసుకుంది. మిగతా సగాన్ని కొంగు చివర పెట్టి ముడి వేసింది. ఎల్లమ్మ దగ్గరికి పోయినా, మల్లన్న దగ్గరికి పోయినా, రాలేని మనిషికి ఇంత తీసుకుపోవడం ఆమెకు అలవాటు. కాసేపటికి చిన్న గ్లాసుల్లో ద్రాక్షరసం వచ్చింది. వనజ మళ్లీ చెయ్యి చాపబోయింది. ఈసారి స్వరాజ్యం ఆ చేతిని మెల్లగా కిందికి నొక్కి "ఇది వద్దు" అని గుసగుసలాడింది. తల ఎత్తితే, మగవాళ్ల వైపు నుంచి దేవసహాయం సార్ తమనే చూస్తున్నారు.

దేవసహాయం సార్ సంఘ పెద్ద. బడిపంతులుగా రిటైరయ్యారు. ఆరాధన అయ్యాక గేటు దగ్గర అందరికీ వందనాలు చెబుతూ నిలబడే ఆయన, వనజ రాగానే ఒక పక్కకు పిలిచారు.

"కొంగుల ఏం గట్టుకున్నవమ్మా?" గొంతు పెంచలేదు. ఆయన ఎప్పుడూ పెంచరు.

"మా ఆయనకు సార్. ఆయన రాలేడు గదా."

"గది బయటికి తీస్కపోయేది కాదమ్మా. ఇటియ్యి."

ముడి బిగుసుకుపోయి వనజ వేళ్లకు లొంగలేదు. చెప్పులు తొడుక్కుంటున్న ఆడవాళ్లు ఆగి చూశారు. చివరికి పళ్లతో పట్టి విప్పి, ముక్క తీసి ఆయన అరచేతిలో పెట్టింది. సార్ దాన్ని చూస్తూ నిలబడ్డారు. పారేయడానికి లేదు, జేబులో వేసుకోవడానికి లేదు. ఎటూ తోచక కళ్లు మూసుకొని తనే నోట్లో వేసుకున్నారు. అది చూసి వనజ ముఖం పాలిపోయింది.

మర్నాడు స్వరాజ్యం వార్డుకు వెళ్లేసరికి సతీశ్‌కు ఒళ్లు కాలిపోతోంది. కాలికి కట్టిన బరువు మంచం చివర కడ్డీ మీద నుంచి వేలాడుతోంది. జ్వరం తగ్గేదాకా ఆపరేషన్ చేయలేమని డాక్టరు చెప్పి వెళ్లాడట. మంగళవారం కాస్తా శుక్రవారమైంది.

స్వరాజ్యం అతన్ని ఒక పక్కకు వంచి కింది దుప్పటి సగం చుట్టింది. వనజ అవతలి వైపు నుంచి కొత్త దుప్పటి అందుకుంది. ఇద్దరూ మాట్లాడకుండా పని చేశారు. దుప్పటి మూలలు దోపుతున్నప్పుడు వనజ నోరు విప్పింది.

"అక్కా, ఈయన వంతు ఆ సారు తిన్నడు గదా."

"అయితే ఏందే?"

"దేవునికి కోపమొచ్చిందా? నిన్న పొద్దుగాల దాక జరం లేకుండె."

"గట్లేం లేదు. గా సారు మంచోడే. మా తాన పద్ధతి వేరే ఉంటది. నేను చెప్పుడు మర్సిన."

"నేను తప్పు చేసిన్నంటవా?"

స్వరాజ్యం పాత దుప్పటి ఉండచుట్టి చంకలో పెట్టుకుంది. "నువ్వు కాదు" అంది. మందు తెచ్చే వంకతో అక్కడి నుంచి కదిలింది గానీ, మాసిన బట్టల బకెట్ దగ్గర చాలాసేపు ఊరికే నిలబడింది.

బుధవారం సాయంత్రం దేవసహాయం సార్ స్కూటర్ మీద ఇంటికి వచ్చారు. ఆయన తన గుమ్మంలో నిలబడగానే స్వరాజ్యానికి పాత రోజు గుర్తొచ్చింది. భర్త హైదరాబాద్‌లో చనిపోతే, బండి మాట్లాడి శవాన్ని తెప్పించి, గోతిలో మట్టి వేసేదాకా పక్కనే ఉన్నది ఈయనే. అందుకే ఈయన ముందు ఆమెకు గట్టిగా మాట రాదు. కుర్చీ తుడిచి వేసింది. ఆయన చాయ్ వద్దన్నారు. అంటే సంగతి పెద్దదే అన్నమాట.

"పెద్దలం కూసున్నం స్వరాజ్యమ్మా. చూసినోళ్లు చానమంది ఉన్నరు. గిట్ల వదిలేస్తే రేపు బల్లకు విలువేముంటది?"

"అవు సార్."

"పళ్లెం నీ చేతులకెళ్లి పోయింది. నువ్వు చూడలేదు గదా?"

స్వరాజ్యం కుర్చీ తుడిచిన గుడ్డను మడత పెట్టింది.

"నువ్వు కండ్లు మూసుకొని ప్రార్థనల ఉన్నవ్. ఆమె తెల్వక చెయ్యి పెట్టి తీస్కున్నది. గంతేనా?" ఆయన అడగడం లేదు, దారి చూపిస్తున్నారు. "ఆదివారం సంఘం ముందట గా ఒక్క మాట చెప్పు. సప్పుడు లేకుంట అయిపోతది."

"మరి ఆమెనేమంటరు సార్?"

"ఆమెనేమంటం? బయటామె. మళ్ల వస్తదో రాదో."

"నేను చూసిన్నంటే?"

సార్ కళ్లజోడు తీసి కండువాతో తుడుచుకున్నారు. "తెలిసి పెట్టినవంటే బల్ల ఆపాలె. నిరుడు వేరే ఆమెకు గట్లనే ఆపినం, నీకు తెలుసు. నీకు ఆపుడు నాకిష్టం లేదు. గందుకే ఇంత దూరం వచ్చిన."

ఆయన వెళ్లిపోయాక స్వరాజ్యం పొయ్యి ముట్టించడం కూడా మరిచి కూర్చుంది. బల్ల ఆపితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. నిరుడు ఆపిన మనిషి నీలం చాప మీద కొంగు నోట్లో కుక్కుకొని కూర్చునేది. రెండు నెలలకు రావడమే మానేసింది. తనకైతే రొట్టె కూడా పోతుంది. ఒక్క చిన్న అబద్ధం చెబితే ఎవరికీ ఏమీ కాదు. వనజ వెళ్లిపోయే మనిషి, ఆమె మీద పడ్డ మాట ఆమె వెంట తొగుట దాకా వెళ్లదు. ఇట్లా లెక్క వేసుకుంటే బాగానే ఉంది.

శుక్రవారం సతీశ్‌కు ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు. అతన్ని బయటికి తెచ్చేదాకా వనజ థియేటర్ తలుపు ముందు కింద కూర్చొని, పుస్తెలను రెండు చేతుల్లో పట్టుకొని ఏమేమో గొణుక్కుంది. ఎల్లమ్మ పేరు వినిపించింది, ఏసయ్య పేరూ వినిపించింది. స్ట్రెచర్ వచ్చాక డాక్టరు బాగానే అయిందన్నాడు. మళ్లీ చెట్టెక్కుతాడా అని వనజ అడిగితే, ముందు నడవనీ అన్నాడు.

ఆ సాయంత్రం స్వరాజ్యం మూత్రం సంచి మారుస్తుంటే వనజ దగ్గరికొచ్చింది. వారంలో మొదటిసారి ఆమె ముఖంలో కాస్త వెలుగు కనబడింది.

"అక్కా, ఎల్లుండి నేను మీ మందిరానికొస్త."

స్వరాజ్యం చేతిలో పైపు ఆగిపోయింది. "ఎందుకు? ఈయన దగ్గర ఎవరుంటరు?"

"మా మరిది వస్తుండు. గా సారు కాళ్లు మొక్కి, తెల్వక తీస్కున్న తప్పైందని చెప్తె నా మనసు నిమ్మళమైతది. ఇంకా ఏదో బాకీ ఉన్నట్టే అనిపిస్తుందక్కా."

"ఎవ్వరి కాళ్లు మొక్కుడు ఉండది మా తాన. రాకు. ఇంకో వారం రా."

"ఇంకో వారం మేముంటమో ఉండమో."

స్వరాజ్యం మళ్లీ వద్దంటే ఎందుకని అడుగుతుంది. నీ మీద నేను అబద్ధం చెప్పబోతున్నాను, అది నువ్వు వినకూడదు అని చెబుతుందా? అడకత్తెరలో పోకచెక్క అయింది ఆమె పని. సరేలే రా అంది. అన్నాక, ఆదివారానికి ఈమెకు జ్వరమైనా రాకూడదా అనుకుంది. అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

శనివారం తలస్నానం చేసి, పొయ్యి గట్టు కడిగి, గోధుమపిండి జల్లించింది. ఉప్పు లేదు, నూనె లేదు, నీళ్లతోనే కలపాలి. గట్టిగా పిసికి తడిగుడ్డ కింద కాసేపు ఉంచింది. ఎప్పుడూ రెండు రొట్టెలకు సరిపడా కలుపుతుంది. ఒకటి పగిలినా, నల్లమచ్చ పడినా ఇంకోటి ఉండాలి. రెండింట్లో గుండ్రంగా వచ్చింది తెల్లగుడ్డలోకి వెళుతుంది. రెండోది ఆదివారం డ్యూటీకి తన టిఫిన్ డబ్బాలోకి వెళుతుంది.

కర్రతో ఒత్తుతూ ఆ మాట పలికి చూసుకుంది. "నేను చూడలే. ప్రార్థనల ఉంటి." బాగానే వచ్చింది. మళ్లీ అంది. రొట్టె పొంగకుండా ఫోర్కుతో పొడుస్తూ ఇంకోసారి అంది. మొదటి రొట్టె పెనం మీద అంచు దగ్గర మాడింది. తర్వాతది చంద్రుడిలా వచ్చింది. మాడినదాన్ని డబ్బాలో పెట్టి మూత వేసింది.

ఆదివారం వనజ స్వరాజ్యం కంటే ముందే వచ్చి కూర్చుంది. ఎవరో నెమ్మదిగా చెప్పి నీలం చాప మీద కూర్చోబెట్టినట్టున్నారు. బుగ్గలు పుణికే ముసలామె ఆమె పక్కన చేరి, ఆపరేషన్ బాగా అయిందని విని స్తోత్రం స్తోత్రం అంటోంది. వనజ చెయ్యి ఊపి నవ్వింది. స్వరాజ్యం నవ్వినట్టు ముఖం పెట్టి ముందుకు వెళ్లి తన జాగలో కూర్చుంది. టిఫిన్ డబ్బా ఉన్న సంచిని ఒళ్లో పెట్టుకుంది. పాటలు ఏం పాడారో ఆమెకు తెలియలేదు.

బల్లకు ముందు అయ్యగారు, పోయిన వారం బల్ల దగ్గర ఒక పొరపాటు జరిగిందని, దాని గురించి మన సహోదరి రెండు మాటలు చెబుతుందని అన్నారు. మైకు తెచ్చి చేతిలో పెట్టారు. స్వరాజ్యం లేచింది. మగవాళ్ల వైపు దేవసహాయం సార్ నేల చూస్తూ కూర్చున్నారు.

"అందరికీ వందనాలు" అంది. "పోయిన ఆదివారం... పళ్లెం నా దగ్గరికి వచ్చినప్పుడు... నేను చూడలే. ప్రార్థనల ఉంటి."

అయిపోయింది. అనుకున్నంత కష్టమేమీ కాలేదు. ముందు వరుసలో ఎవరో ఊపిరి వదిలారు. సార్ తల ఎత్తారు. స్వరాజ్యం మైకు తిరిగి ఇవ్వబోతుంటే వెనక నుంచి గొంతు వినిపించింది.

"అవు సార్! అక్క తప్పేం లేదు."

వనజ నీలం చాప మీద లేచి నిలబడింది. కొంగు తల మీంచి జారినా పట్టించుకోలేదు. "అక్క చూడనే లేదు. నేనే పళ్లెంల చెయ్యి పెట్టి తీస్కున్న. తెల్వక తీస్కున్న. అక్కనేమనకున్రి. నన్ను మాపు చెయ్యిన్రి" అని అందరి వైపూ తిరిగి చేతులు జోడించింది.

తాను చెయ్యని పని తానే చేశానని చెబుతోంది. స్వరాజ్యం కోసం చెబుతోంది. అక్కను ఎవరో ఏదో అడుగుతున్నారు, అక్క భయపడుతోంది, ఆమెకు అర్థమైంది అంతే. అక్కడి జనమంతా అయ్యో పాపం అన్నట్టు ఆమె వైపు చూశారు. స్వరాజ్యానికి సిగ్గుతో ఒళ్లంతా వేడెక్కింది. మైకు ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

"లేదయ్యగారూ" అంది. మైకు కీచుమంది. "ఆమె పళ్లెంల చెయ్యి పెట్టలే. ఉత్తగ చెయ్యి చాపింది. నేను చూసిన. చూసే పెట్టిన. ఇప్పుడు నేను చెప్పింది అబద్ధం."

వరుసల్లో తలలన్నీ ఆమె వైపు తిరిగాయి.

"తప్పని తెలుసు సార్" అంది ఈసారి దేవసహాయం సార్ వైపు తిరిగి. "చాపిన చెయ్యి మీదికెళ్లి పళ్లెం దాటియ్యలేకపోయిన."

సార్ కళ్లజోడు తీసి చేతిలో పట్టుకొని కూర్చున్నారు. అయ్యగారు ఆయన వైపు చూశారు, ఆయన అయ్యగారి వైపు చూశారు. ఇద్దరూ గోడ పక్కకు వెళ్లి తక్కువ గొంతుతో మాట్లాడుకున్నారు. తిరిగి వచ్చి అయ్యగారు, క్రిస్మస్ దాకా సహోదరి స్వరాజ్యమ్మ బల్లలో పాలుపొందదు, సంఘం ఆమె కోసం ప్రార్థన చేయాలి అన్నారు. ఆ మాట ఆయన కష్టంగానే అన్నారు. జనం తలలు వంచి ప్రార్థన చేశారు, కొందరు ఏడ్చారు కూడా.

స్వరాజ్యం సంచి తీసుకొని వరుసల మధ్య నుంచి వెనక్కి నడిచింది. నీలం చాప మీద వనజ పక్కన కూర్చుంది.

"ఏమన్నరక్కా?"

"ఏమనలే. ఇగ నేను గూడ గీడనే కూసుంట."

ముందు పళ్లెం తిరిగింది. తాను ఒత్తిన రొట్టె ముక్కలై చేతి నుంచి చేతికి పోతుంటే వెనక నుంచి చూడటం ఆమెకు అదే మొదటిసారి. పళ్లెం చివరి వరుస దాకా వచ్చి వెనక్కి తిరిగింది.

ఆరాధన అయ్యాక గేటు దగ్గర అయ్యగారి భార్య దేవసహాయం సార్‌ను అడుగుతోంది. "మరి వచ్చే వారం రొట్టె ఎవరితోని చేయిద్దాం సార్?"

సార్ స్వరాజ్యం ముఖంలోకి చూడలేదు. "ఆమెనే చెయ్యనీ అమ్మగారూ. బల్లే గదా ఆపింది."

తినడానికి పనికిరాని చేతులు పిసకడానికి పనికొస్తాయన్నమాట. స్వరాజ్యానికి కోపం వచ్చింది. కోపంతో పాటే, రొట్టె పోలేదన్న సంతోషమూ వచ్చింది. ఆ రెండింట్లో ఏది ముందు వచ్చిందో చెప్పడం కష్టం. "చేస్తనమ్మగారూ" అనేసి, ఇంత తొందరగా ఎందుకన్నానా అనుకుంటూ ఆటో ఎక్కింది. ఎక్కేముందు వనజ, సార్ కాళ్లకు మొక్కబోతే, ఆయన కంగారుగా వెనక్కి జరిగారు.

వార్డులో మధ్యాహ్నం సతీశ్ దిండ్లకు ఆనుకొని లేచి కూర్చున్నాడు. వనజ మరిది అన్నం తేవడానికి బయటికి వెళ్లాడు. స్వరాజ్యం తినడానికి రోజూలాగే వార్డు మూల కూర్చోకుండా, వనజ పక్కన కింద కూర్చొని డబ్బా మూత తీసింది.

వనజ తొంగి చూసి గుర్తుపట్టింది. "గదేనా అక్కా ఇది?"

"గది కాదు. దీని మీద ఎవ్వరు ప్రార్థన చెయ్యలే. ఉత్త రొట్టె."

"పిండి?"

"పిండి గదే."

వనజ లేచి వెళ్లి చేతులు కడుక్కొని వచ్చింది. కుడి చెయ్యి ఎడమ చేతి మీద పెట్టి చాపింది. స్వరాజ్యం మాడిన అంచు తుంచేసి, రొట్టె విరిచి ఆ చేతిలో పెట్టింది. ఇంకో ముక్క సతీశ్‌కు ఇచ్చింది. అతనికి ఇదంతా ఏమిటో తెలియదు. ఆకలిగా ఉన్నట్టుంది, నోట్లో వేసుకున్నాడు. స్వరాజ్యం మిగిలింది డబ్బాలోనే ఉంచి మూత పెట్టబోయింది.

"మరి నీకు?" అంది వనజ. డబ్బా లాక్కొని, మిగిలిన దాంట్లోంచి ఒక ముక్క విరిచి పట్టుకుంది.

స్వరాజ్యం చెయ్యి చాపింది. కుడి చెయ్యి ఎడమ చేతి మీద ఎప్పుడు పెట్టుకుందో ఆమెకే తెలియదు. వనజ ముక్క పెట్టింది.

సతీశ్ నములుతూ నములుతూ భార్య వైపు చూశాడు.

"దీంట్ల ఉప్పు లేదేందే?"

"ఉండది" అంది వనజ. "తిను."